ఫోన్ లైన్ బ్రాడ్‌బ్యాండ్ మాటిమాటికీ తెగుతోందా? ఇంటి వైరింగ్ సరిచేసుకునే పద్ధతి

"ఫోన్ బాగానే మోగుతోంది, మాట బాగానే వినబడుతోంది. నెట్ మాత్రం గంటకోసారి పోతోంది. లైన్‌లో తప్పుంటే ఫోన్ కూడా పోవాలి కదా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు.

పోనక్కర్లేదు. మాటకి 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు. అదే తీగ మీద నెట్ నడిపే డీఎస్‌ఎల్ పద్ధతుల్లో ఏడీఎస్‌ఎల్ 1.1 మెగాహెర్ట్జ్ దాకా, ఏడీఎస్‌ఎల్2+ 2.2 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. వీడీఎస్‌ఎల్2 చాలాచోట్ల 17 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. మాటని హాయిగా దాటించే వదులు స్క్రూ ఆ ఫ్రీక్వెన్సీల దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తుంది. ఇంకో విచిత్రం చెప్తాను. లైన్ అంటే రెండు తీగల జత. అందులో ఒక తీగ పూర్తిగా తెగిపోయి ఫోన్ మూగబోయినా, మిగిలిన ఒక్క తీగతో మోడెం నీరసంగా సింక్ అవుతూ (అంటే కంపెనీ వైపు పరికరంతో కలుస్తూ) ఉండటం లైన్‌మన్లందరూ చూసే సంగతే. కాబట్టి ఫోన్ బాగుంటే లైన్ బాగున్నట్టు కాదు, నెట్ వస్తోంది కదా అని లైన్‌కి ఢోకా లేదనుకోవడానికీ లేదు.

ఇదంతా రాగి ఫోన్ లైన్ మీద వచ్చే కనెక్షన్ గురించే. ఇంట్లోకి ఫైబర్ వచ్చినవాళ్ళకి ఇది పనికిరాదు.

చేయబోయే పని ఒక్క మాటలో ఇదీ: బయటి నుంచి వచ్చిన తీగల జత మోడెం దాకా ఒకే దారిలో, తక్కువ అతుకులతో, పక్కకి చీలకుండా చేరాలి.

1. ముందు తేల్చుకోండి: తప్పు లైన్‌దా, వైఫైదా?

ఈ అడుగు దాటేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్ళే ఎక్కువ. కాలికి దెబ్బ తగిలితే కంటికి కట్టు కట్టినట్టే అవుతుంది.

నెట్ పోయినప్పుడు మోడెం మీద డీఎస్‌ఎల్ లైటు చూడండి.

- ఆరిపోయినా, మినుకుమంటున్నా: సింక్ పోయింది. తప్పు లైన్‌లోనో, మోడెంలోనో, దాని అడాప్టర్‌లోనో ఉంది.
- డీఎస్‌ఎల్ లైటు నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే పోతే: లాగిన్‌లోనో, కంపెనీ వైపునో ఇబ్బంది. తీగలు ముట్టుకోకండి.
- రెండూ వెలుగుతున్నా ఫోన్‌లో నెట్ రాకపోతే: ఈథర్నెట్ కేబుల్‌తో కంప్యూటర్ తగిలించి చూడండి. అందులో బాగుంటే తప్పు వైఫైది.

2. మోడెం చెప్పే అంకెలు రాసిపెట్టుకోండి

మోడెం సెట్టింగుల పేజీలో డీఎస్‌ఎల్ స్టేటస్ అనో, లైన్ స్టాటిస్టిక్స్ అనో ఒక చోటు ఉంటుంది. ఏమీ మార్చకముందే ఈ అంకెలు కాగితం మీద ఎక్కించండి. ఇవి లేకుండా చేసే మరమ్మతు చీకట్లో దారం ఎక్కించడమే.

- సింక్ స్పీడు, డౌన్ ఒకటి, అప్ ఒకటి.
- ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, డెసిబెల్స్‌లో. సిగ్నల్‌కీ గోలకీ (తీగ మీదికి దూరే అక్కర్లేని విద్యుత్ అలజడికీ) మధ్య మిగిలిన వెసులుబాటు ఇది. చాలా లైన్లు 6 డెసిబెల్స్ లక్ష్యంగా సింక్ అవుతాయి. రాత్రిళ్ళు అది 2, 3కి జారుతుంటే తెగడం ఖాయం.
- అటెన్యుయేషన్. సిగ్నల్ ఎంత చిక్కిపోయి వచ్చిందో చెబుతుంది. ఏడీఎస్‌ఎల్‌లో 30 డెసిబెల్స్ లోపు ఉంటే హాయి, 50 దాటితే కష్టం, 60 దాటితే దూరమే శత్రువు. అంత దూరాన్ని ఇంటి వైరింగ్ ఎంత బాగుచేసినా తగ్గించలేం.
- సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క. మొత్తం ఎన్నన్నది కాదు, గంటలో ఎన్ని పెరిగాయన్నది చూడాలి.
- సింక్ అయి ఎంతసేపయింది.

పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి రాయండి. చీకటి పడ్డాక మీడియం వేవ్ రేడియో సిగ్నళ్ళు చాలా దూరం ప్రయాణిస్తాయి. ఆ బ్యాండు, సుమారు 530 నుంచి 1600 కిలోహెర్ట్జ్, సరిగ్గా ఏడీఎస్‌ఎల్ నడిచే చోటే ఉంది. అందుకే రాత్రిపూట మార్జిన్ ఒకటి రెండు తగ్గడం మామూలే. ఐదారు తగ్గితే మాత్రం మీ తీగ యాంటెన్నాలా పనిచేస్తోందేమోనని అనుమానించాలి.

3. చేతిలో ఉండాల్సినవి, ముట్టుకోకూడనివి

- చిన్న స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్
- తీగ ఉన్న మామూలు ఫోన్ ఒకటి (కార్డ్‌లెస్ పనికిరాదు, దాని గోల దానికుంటుంది)
- మల్టీమీటర్
- మంచి ఫిల్టర్ లేదా స్ప్లిటర్ ఒకటి (ఫోన్ మాటనీ నెట్ సిగ్నల్‌నీ విడదీసే చిన్న పెట్టె)
- జెల్లీ నింపిన క్రింప్ కనెక్టర్లు కొన్ని (తీగల్ని లోపల పెట్టి నొక్కి అతికేవి)
- మెలితిప్పిన జతలున్న కేబుల్, క్యాట్-5ఈ అయితే సరిపోతుంది
- టార్చిలైటు, పెన్ను, అంటించడానికి కాగితపు టేపు

ఫోన్ లైన్‌లో కరెంటు ఉండదనుకోవద్దు. ఊరికే ఉన్నప్పుడు 48 వోల్టుల చుట్టుపక్కల డీసీ ఉంటుంది. రింగ్ వచ్చినప్పుడు దాని మీద 75 నుంచి 90 వోల్టుల ఏసీ ఎక్కుతుంది. చెమట చేతులతో పట్టుకున్నప్పుడు రింగ్ వస్తే చెయ్యి ఝల్లుమంటుంది. లైన్ విడదీసి పని చేయండి. ఉరుములు మెరుపులు ఉన్న రోజున అసలు మొదలుపెట్టకండి.

మరో హద్దు కూడా ఉంది. బయటి నుంచి ఇంట్లో మొదటి పెట్టె దాకా వచ్చే తీగ, దాని అవతల ఉన్నదంతా కంపెనీది. మీ పని అక్కణ్ణుంచి ఇవతలే.

4. రెండు నిమిషాల చెవి పరీక్ష

తీగ ఉన్న ఫోన్‌ని మొదటి సాకెట్‌కి, అంటే బయటి తీగ ఇంట్లో మొదట చేరే చోట, తగిలించండి. మిగతావన్నీ, మోడెంతో సహా, పీకేయండి. రిసీవర్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగుతుంది. ఆ కొన్ని క్షణాల నిశ్శబ్దంలో చెవి పెట్టండి.

- కరకరమంటే: ఎక్కడో అతుకు వదులైంది, లేదా చిలుము పట్టింది.
- సన్నగా "బూం..." అని మోగితే: ఒక తీగ ఎక్కడో నేలకో, తడికో తగులుతోంది, లేదా కరెంటు వైర్ పక్కనే చాలా దూరం నడుస్తోంది.
- సుయ్‌మనే శబ్దం మోడెం తిరిగి తగిలించినప్పుడే వస్తే: ఫిల్టర్ లేదు, లేదా చెడిపోయింది.
- ఏ శబ్దమూ లేకపోతే: మంచిదే, కానీ ఇది చాలదు. తర్వాతి అడుగే అసలు పరీక్ష.

డేటా మాత్రమే వచ్చే లైన్ అయితే డయల్ టోన్ ఉండదు కాబట్టి ఈ పరీక్షకి తావు లేదు. ఐదో అడుగుకి వెళ్ళిపోండి.

5. మొదటి సాకెట్ దగ్గర మోడెం పెట్టి చూడండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

బయటి తీగ ఇంట్లో మొట్టమొదట చేరే రోజెట్ (తీగలు బిగించే చిన్న గోడ పెట్టె) వెతకండి. మూత తీస్తే బయటి నుంచి వచ్చిన జత ఒకటి, లోపలి గదులకి పోయే జతలు కొన్ని కనబడతాయి. ఏ రంగు తీగ ఏ స్క్రూ కింద ఉందో ముందుగా ఫొటో తీసుకోండి. లోపలికి పోయే జతలన్నీ విప్పి, కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టండి. ఇప్పుడు ఆ పెట్టెలో బయటి జత ఒక్కటే మిగలాలి.

కొన్నిచోట్ల మొదటి సాకెట్ ముందు భాగం ఊడదీస్తే వెనక టెస్ట్ సాకెట్ ఉంటుంది. అది ఉంటే ఇంకా సుఖం. ముందు పలక ఊడగానే లోపలి వైరింగ్ అంతా దానంతటదే విడిపోతుంది.

మోడెంని పొట్టి కేబుల్‌తో అక్కడే తగిలించండి. పక్కన స్టూల్ వేసి, ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చినా సరే. ఒక పూర్తి రోజు అలాగే నడపండి. అరగంట చూసి తీర్పు చెప్పొద్దు, రాత్రి అంకెలు కూడా కావాలి.

- స్పీడు పెరిగి, తెగడం ఆగితే: దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆరో అడుగు నుంచి వరసగా చేయండి.
- ఏమీ మారకపోతే: ముందు ఆ పొట్టి కేబుల్, ఫిల్టర్, అడాప్టర్ మార్చి చూడండి, వీలైతే ఇంకో మోడెం అరువు తెచ్చి చూడండి. అప్పటికీ అంతేనంటే తప్పు బయట ఉంది. పన్నెండో అడుగుకి దూకండి. ఇంట్లో గోడలు తవ్వి ప్రయోజనం లేదు.

6. ఇంట్లో తీగలు ఎటు పోతున్నాయో బొమ్మ గీయండి

ఏ పుట్టలో ఏ పాముందో తెలియదంటారే, పాత ఇళ్ళ ఫోన్ వైరింగ్ అచ్చం అంతే. మంచం వెనక, అల్మరా వెనక, గుమ్మం పైన రంగు వేసేసిన పెట్టెలుంటాయి. గతంలో ఎవరో వాడి వదిలేసిన ఎక్స్‌టెన్షన్లు ఇప్పటికీ లైన్‌కి తగిలే ఉంటాయి.

మా ఇంట్లో వాన పడినప్పుడల్లా నెట్ పోయేది. రెండు మోడెంలు మార్చాను. చివరికి పుస్తకాల బీరువా జరిపితే గోడకి సున్నంతో కలిసిపోయిన చిన్న పెట్టె కనబడింది. మూత తీస్తే లోపల చీమల పుట్ట మట్టి. ఒక స్క్రూ చుట్టూ ఆకుపచ్చటి చిలుము పొడిలా రాలుతోంది. తీగని వేలితో కదిపితే విరిగి చేతిలోకొచ్చింది. ఆ పెట్టెకి ఏళ్ళుగా ఏ ఫోనూ తగిలించి లేదు. దాన్ని మొదటి రోజెట్ దగ్గరే విడదీశాక మా ఇంట్లో వానకీ నెట్‌కీ సంబంధం తెగిపోయింది.

ప్రతి పెట్టె మూతా తీసి చూడండి. తీగ ఎక్కణ్ణుంచి వచ్చి ఎటు పోతోందో కాగితం మీద గీయండి. ఎటు పోతోందో అర్థం కాని తీగ ఉంటే దాని మీద ప్రశ్నార్థకం పెట్టండి. ఎక్కువసార్లు నేరస్థుడు ఆ ప్రశ్నార్థకమే.

7. వాడని తోకలు విడదీయండి

లైన్ నుంచి చీలి, కొసన ఏమీ లేకుండా ఆగిపోయిన తీగని తోక అనుకుందాం. మోడెంకి పోవాల్సిన సిగ్నల్‌లో కొంత ఆ తోకలోకి దూరి, కొసకి తగిలి, వెనక్కొచ్చి అసలు సిగ్నల్‌తో కలబడుతుంది.

లెక్క చూడండి. తీగలో సిగ్నల్ వేగం సెకనుకి సుమారు 20 కోట్ల మీటర్లు. 25 మీటర్ల తోకైతే వెళ్ళొచ్చిన అల 2 మెగాహెర్ట్జ్ దగ్గర అసలు అలకి సరిగ్గా ఎదురుపడి దాన్ని మింగేస్తుంది. అది ఏడీఎస్‌ఎల్2+ పైభాగం. 10 మీటర్ల తోకైతే ఆ గుంట 5 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అక్కడ వీడీఎస్‌ఎల్ దెబ్బతింటుంది. "చిన్న ముక్కే కదా" అని వదిలేయకూడనిది ఇందుకే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: వాడని గదిలో సాకెట్ పీకేసి, తీగని గోడలోనే వదిలేయడం. దాంతో తోక పోలేదు, కొసన ఉన్న సాకెట్ మాత్రమే పోయింది. తోకని చీలిన చోటే విడదీయాలి.

పాత సాకెట్లలో రెండు తీగలు కాక గంట మోగడానికి మూడో తీగ లాగి ఉంటే, ఇప్పటి ఫోన్లు చాలావాటికి దాని అవసరం లేదు. జంట లేని ఒంటి తీగ కాబట్టి గోలని ఇట్టే పట్టేస్తుంది. రెండు వైపులా విడదీసి, ఫోన్లు మోగుతున్నాయో లేదో చూసుకోండి.

8. గుమ్మంలోనే దారులు విడగొట్టండి

ఒక్కో ఫోన్‌కి ఒక్కో ఫిల్టర్ పెట్టే పద్ధతి పనిచేస్తుంది, కానీ ఒక్కటి మరిచిపోతే అంతా పాడు. అలారం పెట్టె, ఫ్యాక్స్, కార్డ్‌లెస్ బేస్ ఇలాంటివి మరుపున పడతాయి. నా ఓటు ఎప్పుడూ మొదటి రోజెట్ దగ్గర పెట్టే ఒకే ఒక్క స్ప్లిటర్‌కే.

1. బయటి జతని స్ప్లిటర్‌లో "లైన్" అని ఉన్న చోట పెట్టండి.
2. ఇంట్లో ఫోన్లకి పోయే జతలన్నీ కలిపి "ఫోన్" వైపు ఇవ్వండి.
3. మోడెంకి పోయే కేబుల్‌ని "డీఎస్‌ఎల్" లేదా "మోడెం" వైపు ఇవ్వండి. అటు ఇంకేమీ తగిలించొద్దు.

ఇలా చేస్తే ఫోన్ల వైపు ఎన్ని తోకలున్నా డీఎస్‌ఎల్‌కి అంతగా పట్టదు, ఫిల్టర్ వాటిని అడ్డుకుంటుంది. ఆ తర్వాత గదుల్లో ఉన్న చిన్న ఫిల్టర్లు తీసేయండి. ఒకదాని వెనక ఒకటి ఫిల్టర్లుంటే మాట సన్నబడిపోతుంది.

మోడెంని ఫిల్టర్ వెనక పెట్టారేమో కూడా చూసుకోండి. ఫోన్ వైపు మూతి నుంచి మోడెంకి లైన్ ఇస్తే సింకే రాదు. నవ్వకండి, నేను చూసినవాటిలో ఇదీ ఉంది.

ఫోన్ మోగగానే నెట్ పోతుంటే ముందు ఈ అడుగునే అనుమానించాలి. ఫిల్టర్లన్నీ సరిగ్గా ఉన్నా పోతుంటే బలహీనమైన అతుకు ఉన్నట్టు.

9. అతుకులు మళ్ళీ వేయండి

తీగలు మెలేసి పైన టేపు చుట్టిన అతుకు కనబడితే ఆలోచించకుండా కత్తిరించండి. కొన్నాళ్ళకి టేపు జిగురు కరుగుతుంది, తేమ దూరుతుంది, చిలుము పడుతుంది.

స్క్రూ ఉన్న రోజెట్‌లో అయితే:

- చిలుము పట్టిన కొస కత్తిరించి, కొత్త రాగి మెరిసేదాకా తొడుగు తీయండి.
- స్క్రూ బిగించినప్పుడు తీగ లోపలికి లాక్కునేలా, గడియారపు ముల్లు తిరిగే వైపు చుట్టండి.
- ఒక స్క్రూ కింద మూడు నాలుగు తీగలు కుక్కొద్దు.
- బిగించాక మెల్లగా లాగి చూడండి. కదిలితే మళ్ళీ చేయండి.

జెల్లీ కనెక్టర్‌తో అయితే తొడుగు తీయనక్కర్లేదు. రెండు తీగలూ చివరిదాకా తోసి, పైనున్న బొత్తాం సమమయ్యేదాకా ప్లయర్‌తో నొక్కాలి. లోపలి జెల్లీ తేమని రానివ్వదు.

మల్టీమీటర్ ఉంటే వేసిన అతుకుకి పరీక్ష పెట్టొచ్చు. కేబుల్‌ని రెండు కొసలా లైన్ నుంచి విడదీయండి. కరెంటున్న లైన్ మీద ఓమ్‌లు కొలవొద్దు, మీటర్ పోతుంది. అవతలి కొసన రెండు తీగలూ కలిపి మెలేసి, ఇవతల కొలవండి. 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లుంటే పోను రాను కలిపి మూడున్నర ఓమ్‌ల దగ్గర చూపాలి. పదిహేను చూపినా, తీగ కదిపినప్పుడల్లా అంకె గెంతుతున్నా మధ్యలో చెడ్డ అతుకుంది. తర్వాత అవతలి కొస విడదీసి మళ్ళీ కొలవండి. ఈసారి మీటర్ అసలేమీ చూపకూడదు. ఏదైనా అంకె వస్తే తేమ దూరిందనో, తొడుగు చిట్లిందనో అర్థం.

10. మోడెం దాకా కొత్త కేబుల్

గోడ వెంట పోయే చదును ఫోన్ వైరులో తీగలు మెలితిరిగి ఉండవు. దాన్ని తీసేయండి. మెలిక వల్ల రెండు తీగల మీదా గోల సమానంగా పడి, మోడెం దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మెలిక లేకపోతే తీగ కాస్తా యాంటెన్నా.

అసలు మంచి ఉపాయం ఇంకోటుంది. మోడెంని స్ప్లిటర్ పక్కనే పెట్టి, కంప్యూటర్ గదికి ఈథర్నెట్ కేబుల్ లాగండి. ఈథర్నెట్ 100 మీటర్ల దాకా స్పీడు తగ్గకుండా పోతుంది. అదే దూరం డీఎస్‌ఎల్‌ని లాగితే ప్రతి మీటరూ నష్టమే. మోడెం నట్టింట్లోనే ఉండాలని పట్టుబట్టేవాళ్ళకి మాత్రమే కింద రాసినవి.

- క్యాట్-5ఈలో ఒకే జత వాడండి: నీలం, దానితో మెలేసుకున్న నీలం గీతల తెలుపు.
- కొసల దగ్గర మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పొద్దు.
- కరెంటు వైరు పక్కన సమాంతరంగా నడపొద్దు. దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి.
- మిగిలిన కేబుల్‌ని చుట్టచుట్టి మూల పడేయకుండా కత్తిరించేయండి.
- రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ కొనొద్దు. కొస గీకి చూస్తే తెల్లగా బయటపడుతుంది.

ఒక జత నుంచి ఒక తీగ, ఇంకో జత నుంచి ఇంకో తీగ తీసుకోవడం ఈ పనిలో అతి పెద్ద తప్పు. నేనూ చేశాను. నీలం ఒకటి, నారింజ ఒకటి పెట్టేశాను. ఫోన్ అద్భుతంగా పలికింది, మల్టీమీటర్ భేష్ అంది, మోడెంలో మాత్రం సీఆర్‌సీ ఎర్రర్లు వేలల్లో పెరిగాయి. మీటర్‌కి మెలిక కనబడదు, మోడెంకి కనబడుతుంది. జతలో ఏది ముందు ఏది వెనక అన్నది అంత ముఖ్యం కాదు, రెండూ ఒకే జతవా కాదా అన్నదే ముఖ్యం.

11. చుట్టుపక్కల గోల పట్టుకోవడం

వైరింగంతా బాగున్నా రోజూ ఒకే వేళకి తెగుతుంటే ఏదో పరికరం గోల చేస్తోందని అనుమానించాలి. చవకరకం చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాల అడాప్టర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు సాధారణంగా దొరికే దొంగలు.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియోని మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి ఇల్లంతా తిరగండి. గోల పెరిగిన చోట ఒక్కో ప్లగ్గూ పీకి చూడండి. మోడెం సొంత అడాప్టర్‌ని కూడా వదలొద్దు. ఆ రేడియో మోడెం పక్కన ఎలాగూ బుసకొడుతుంది, కాబట్టి ఫోన్ కేబుల్ నడిచే దారి వెంట వినడమే నయం.

12. ఇక లైన్‌ని వదిలేయండి, లేదా కంపెనీని పిలవండి

మరమ్మతు అయ్యాక గంటకోసారి మోడెం ఆపి వేయొద్దు. చాలా కంపెనీల దగ్గర లైన్‌ని గమనించే ఆటోమేటిక్ వ్యవస్థ ఉంటుంది. మాటిమాటికీ సింక్ పోతే లైన్ బాగోలేదనుకుని మార్జిన్ లక్ష్యాన్ని 6 నుంచి 9కో 12కో పెంచేస్తుంది. లైన్ నిలుస్తుంది కానీ స్పీడు పడిపోతుంది. మీరు తీగలు బాగుచేసిన సంగతి దానికి తెలియాలంటే లైన్ కొన్ని రోజులు తెగకుండా నిలవాలి. రెండు వారాలైనా మార్జిన్ 12 దగ్గరే ఉండి ఎర్రర్లు దాదాపు లేకపోతే, లైన్ ప్రొఫైల్ (కంపెనీ మీ లైన్‌కి పెట్టిన స్పీడు, మార్జిన్ సెట్టింగు) రీసెట్ చేయమని కంపెనీని అడగొచ్చు.

ఐదో అడుగులో తప్పు బయటిదని తేలినవాళ్ళు ఫిర్యాదు చేసేముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- మొదటి సాకెట్ దగ్గర, లోపలి వైరింగ్ అంతా విడదీసి తీసిన అంకెలు, పగటివీ రాత్రివీ
- గంటకి ఎన్ని సీఆర్‌సీ ఎర్రర్లు, రోజుకి ఎన్నిసార్లు సింక్ పోయింది
- చెవి పరీక్షలో ఏం వినబడింది (కరకర అంటే ముందు అదే చెప్పండి, మాట లైన్‌లో గోల అనే ఫిర్యాదుకి మనిషి త్వరగా వస్తాడు)
- వానకి ముడిపడి ఉందా, ఫోన్ మోగడానికి ముడిపడి ఉందా
- ఏ మోడెంలతో, ఏ ఫిల్టర్లతో ప్రయత్నించారు

లైన్‌మన్ వచ్చినప్పుడు ఆ కాగితం చేతిలో పెట్టండి. ఆయన వెళ్ళేముందు, ఆయన ఉండగానే, మోడెం సింక్ అయ్యేదాకా ఆగి కొత్త అంకెలు పాతవాటి పక్కన రాసుకోండి.